వరాలు పోసిన ఆయిల్

పైడయ్య గురువుగారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా పెద్ద ప్రశ్న అడిగితే వెంటనే జవాబు చెప్పేవారు కాదు. కాసేపు ఆ మనిషి చేతుల వైపు చూసి, "మీ ఇంట్లో చెయ్యకుండా ఉండిపోయిన పనేమిటి?" అని అడిగేవారు. ముప్పై ఏళ్లు బస్సు డిపోలో మెకానిక్కుగా చేసి, రిటైరయ్యాక నాగావళి ఒడ్డున చిన్న ఇంట్లో స్థిరపడిన మనిషి ఆయన. కాషాయం కట్టలేదు, ఆశ్రమం పెట్టలేదు. తన గురువు దగ్గర విన్న నాలుగు మాటలు తన అరుగు మీద కూర్చున్నవాళ్లకి చెప్పేవారు, అంతే.

లోకనాథం ఆ అరుగు మీదికి రెండేళ్లుగా వస్తున్నాడు. మగ్గం నేసే మనిషి, మాట తక్కువ. అతని భార్య వరాలు పశువుల ఆసుపత్రిలో పనిచేసేది. మోటారు సైకిలు వెనక మందుల పెట్టె కట్టుకుని, కొండ మీది గూడేలకి వెళ్లి, ఆవులకీ మేకలకీ సూదులు వేసి వచ్చేది. ఒక వానాకాలం కామెర్లు వచ్చి పదకొండు రోజుల్లో పోయింది. ఆ తర్వాతే లోకనాథం గురువుగారి దగ్గరికి రావడం మొదలుపెట్టాడు. వచ్చి స్తంభానికి ఆనుకుని కూర్చునేవాడు, వినేవాడు, వెళ్లిపోయేవాడు. ఒక్క ప్రశ్న కూడా అడిగి ఎరగడు.

భాద్రపదంలో ఒక రోజు, నాలుగు రోజుల ముసురు వదిలి లేత ఎండ కాసిన మధ్యాహ్నం, అరుగు మీద ఇంకెవరూ లేరు. అప్పుడు అడిగాడు.

"గురువుగారూ, పోయినవాళ్లు ఎక్కడుంటారు?"

గురువుగారు అతని చేతుల వైపు చూశారు. ఎప్పుడూ అడిగేదే అడిగారు.

లోకనాథం తన అరచేతులు తిప్పి తనే చూసుకున్నాడు. చివరికి, "బండికి ఆయిల్ మార్చాలి" అన్నాడు. ఆ ఒక్క మాట బయటికి వచ్చాక మిగతావి ఆగలేదు. వరాలు ఆ బండిని ఏ షాపుకీ ఇచ్చేది కాదు. ఆయిల్ మార్చినా, చైను బిగించినా ఇంటి పంచలో తనే కూర్చుని చేసుకునేది. కామెర్లు రావడానికి వారం ముందు కూడా అలాగే మార్చింది. ఆమె పోయాక ఆ బండిని ఎవరూ నడపలేదు. అతనికి నడపడం రాదు. రోజూ పొద్దున్నే ఒకసారి స్టార్టు చేసి, ఆ చప్పుడు విని, ఆపేస్తాడు. ఈ మధ్య ఆ చప్పుడు మారింది. లోపల ఏదో గీసుకుంటున్నట్టు ఉంటోంది. అటుగా పోతున్న మెకానిక్కు ఒకతను విని, ఆయిల్ చెడిపోయిందనీ, మార్చకపోతే ఇంజిన్ పట్టేస్తుందనీ చెప్పి వెళ్లాడు.

"మార్చకపోతే బండి పోతుంది. మారిస్తే తన చేత్తో పోసింది పోతుంది. ఇంట్లో అన్నీ అయిపోయాయి గురువుగారూ. తను పట్టిన పచ్చడి అయిపోయింది, తను కుట్టిన దిండు గలీబు చిరిగిపోయింది. అదొక్కటే మిగిలింది."

గురువుగారు చెప్పులు వేసుకున్నారు. దారిలో కొత్త ఆయిల్ డబ్బా, ఫిల్టరు కొనిపించి, లోకనాథం వెంట అతని ఇంటికి నడిచారు.

మగ్గం గదికి ఆనుకున్న పంచలో ఉంది బండి. పెంకుల సందుల్లోంచి ఎండ చారలు చారలుగా దాని మీద పడుతోంది. గురువుగారు పాత గోనె పట్టా పరిపించి, తాను మాత్రం గుమ్మంలోనే కూర్చున్నారు.

"స్టార్టు చెయ్యి. ఒక ఐదు నిమిషాలు నడవనీ."

"పారబోసేదానికి వేడెందుకు గురువుగారూ?"

"చల్లగా ఉంటే కదలదు. అడుగున ఉన్నది అడుగునే ఉండిపోతుంది."

ఇంజిన్ వేడెక్కింది. ఆపి, చల్లారకుండానే కింద వెడల్పాటి బేసిను పెట్టి, లోకనాథం పానా పట్టుకుని నేల మీద వెల్లకిలా పడుకున్నాడు. దారపు పోగు తెగితే చూడకుండా ముడివేసే వేళ్లు అతనివి. ఆ వేళ్లకి పానా పరాయిగా ఉంది. అడుగు బోల్టు కనిపించింది. దాని మీద ఎర్రటి గీత ఒకటి, బోల్టు తల మీద మొదలై ఇంజిన్ మీదికి సాగి ఉంది. గోళ్ల రంగు. బోల్టు వదులైతే తెలియాలని వరాలు బిగించిన ప్రతిసారీ అలా గీసుకునేది. గీత ఏమాత్రం చెదరలేదు. రెండేళ్లుగా ఆమె బిగించిన చోటే ఆమె బిగించినంత బిగువుగా ఉంది.

లోకనాథం పానా దాని మీద పెట్టాడు, తీసేశాడు. మళ్లీ పెట్టాడు. ఎంతసేపు అలా పడుకుని ఉన్నాడో అతనికే తెలియదు. ఎక్కడో పక్కింట్లో రాట్నం తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. గుమ్మంలో కూర్చున్న గురువుగారు తొందరపెట్టలేదు, ధైర్యం చెప్పలేదు, లేచి తాను చేస్తాననీ అనలేదు.

చివరికి మణికట్టు దానంతటదే తిరిగినట్టయింది. గీత రెండుగా విడిపోయింది.

ఆయిల్ వచ్చింది. ముందు ఒక్కసారిగా, తర్వాత సన్నటి ధారగా, చప్పుడు లేకుండా దిగింది. నల్లగా ఉంది. ఎండ చార పడిన చోట మాత్రం తేనె రంగు. మగ్గం మీంచి జారిపోతున్న నల్ల పట్టులా ఉందని అతనికి తోచింది. చూస్తూండగా అందులో దారులు కదిలాయి. చింతచెట్ల మలుపు, వాగు మీది రాతి చప్టా, పొగమంచులో దీపం వేసుకుని ఎక్కిన ఎగువ దారి, సెలవు రోజున తాను వెనక కూర్చుని ఆమె భుజం మీంచి చూసిన లోయ. ఆమె తిరిగిన దారంతా కరిగి ఆ బేసినులోకి దిగుతున్నట్టనిపించింది. ధార చుక్కలయింది. చుక్కకీ చుక్కకీ మధ్య నిశ్శబ్దం పెరుగుతూ పోయింది. ఆఖరి చుక్క అడుగు అంచున వేలాడి వేలాడి, రాలింది.

"దీన్ని ఉంచుకోనా గురువుగారూ?" అన్నాడు, బేసిను రెండు చేతుల్తో పట్టుకుని.

"ఉంచుకో. మగ్గం గుంజలకి రాస్తే చెద పట్టదు."

అలా కూడా ఉంచుకోవచ్చని లోకనాథం అనుకోలేదు. బేసినును మగ్గం పక్కన జాగ్రత్తగా దించాడు.

తర్వాత గురువుగారు చెప్పినట్టల్లా చేశాడు. పక్కనున్న చిన్న మూత విప్పి పాత ఫిల్టరు తీశాడు. తడిసిన నల్ల కాగితపు మడతల మధ్య మెరుపు నలుసులు అంటుకుని ఉన్నాయి. కొత్త ఫిల్టరు పెట్టి, రబ్బరు చుట్టుకి వేలితో ఆయిల్ రాసి మూత బిగించాడు. అడుగు బోల్టుకి కొత్త వాషరు వేశాడు. గరాటుతో కొత్త ఆయిల్ పోశాడు. అది ఎంత లేతగా ఉందంటే, పోస్తున్నంతసేపూ తప్పు చేస్తున్నట్టే ఉంది. స్టార్టు చేశాడు. గీసుకుంటున్న చప్పుడు లేదు. పాత చప్పుడు, నాలుగిళ్ల అవతలి నుంచే వరాలు వస్తోందని అతను గుర్తుపట్టే చప్పుడు, పంచంతా నిండింది. అతను సీటు మీద అరచెయ్యి ఆనించి అలాగే నిలబడిపోయాడు.

"ఇంజిన్ నడిస్తే సరిపోదు. బండి దారి ఎక్కాలి. నేను నడుపుతాను. ఎటు పోవాలో నువ్వు చెప్పు" అన్నారు గురువుగారు.

లోకనాథానికి తెలిసిన దారి ఒక్కటే. ఇద్దరూ కొండ వైపు బయల్దేరారు. వాన వెలిసిన కొండ దారి తెల్లగా ఆవిర్లు కక్కుతోంది. ఒక మేఘం రోడ్డు మీదికి దిగి, వాళ్లని లోపలికి తీసుకుని, అవతల వదిలింది. మలుపు వచ్చేలోపే లోకనాథం ఒళ్లు అటు వాలేది. ఏ మలుపుకి ఎంత వాలాలో ఆ వెనక సీటు మీద అతని శరీరం ఎప్పుడో నేర్చుకుని దాచుకుంది. ముందు కూర్చున్నది ఎవరో ఒక్కోసారి అతనికి తెలిసేది కాదు.

ఎగువ గూడెం చేరేసరికి ఎండ పసుపు రంగుకి తిరిగింది. బండి ఇంకా కనబడకముందే చప్పుడు గూడెంలోకి వెళ్లింది. మొదటి ఇంటి ముందు కట్టుగొయ్యకి ఒక ఎర్రావు ఉంది. అప్పటిదాకా తీరిగ్గా నెమరు వేస్తున్నది కాస్తా చెవులు నిక్కబొడుచుకుంది. ఒక్క గుంజు గుంజి, పలుపు తెంపుకుని, తోక ఎత్తి కొండ మీదికి పరుగు లంకించుకుంది. దాని వెనక రెండు పెయ్యలు, వాటి వెనక ఎందుకో తెలియకుండానే మేకలన్నీ.

ఇంట్లోంచి ముసలామె ఒకామె చీపురుతో బయటికి వచ్చింది. బండిని చూసింది, లోకనాథాన్ని చూసింది. చీపురు కింద పడేసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని పగలబడి నవ్వింది.

"వరాలమ్మ అనుకుంది బాబూ! సూదేసేస్తాదనుకుంది! రెండేళ్లయినా మరిచిపోనేదు, ముండ!"

లోకనాథం ముందు నవ్వాడు. గట్టిగా, ఒళ్లు కదిలేలా నవ్వాడు. ఆ నవ్వు ఎక్కడ ఏడుపైందో పక్కనున్నవాళ్లకి తెలియలేదు, అతనికీ తెలియలేదు. ముసలామె నవ్వడం మాని వచ్చి అతని భుజం మీద చెయ్యి వేసింది. పైన పసుపు ఎండలో ఎర్రావు ఇంకా పరుగెడుతూనే ఉంది.

కాసేపటికి ముసలామె దాన్ని వెనక్కి పిలవడానికని రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుంది. గురువుగారు ఇంజిన్ ఆపి, దిగి, మధ్యాహ్నం ప్రశ్న అడిగిన లోకనాథం వైపు ఒకసారి చూసి, ఆమెని వారించారు.

"పిలవకమ్మా. దానికి ఎవరో కనబడ్డారు."