పోలమ్మ మడత బల్ల

కోట వడ్రంగిశాలలో తప్ప ఊళ్లో ఎక్కడ కర్ర కోసినా ఊరు వదలాల్సిందేనని దివాను భైరవరాయుడు చాటింపు వేయించాడు. శాలలో చోటు దొరకని వడ్రంగి పోలమ్మ, కర్ర ఆనించి కోసుకునే బల్లను, ఎవరైనా వస్తే కాళ్లు మడిచి గోడకు తగిలించేలా తయారుచేసుకుంది.

అది దివాను కంటబడింది. బల్లనూ, రంపాన్నీ, పోలమ్మనూ కొలువుకు పట్టుకొచ్చాడు.

"దొరికింది ప్రభూ! దీనిమీదే కోస్తోంది!"

"నిచ్చెనలా ఉందే?" అన్నాడు రాజు.

"కాదు, చూడండి!" దివాను కాళ్లు లాగాడు. అవి కదల్లేదు.

"ఆ చీల తీయండి బాబూ," అంది పోలమ్మ.

చీల తీయగానే నాలుగు కాళ్లూ టక్కున విచ్చుకున్నాయి! దివానుకు హుషారు పుట్టింది. తలపాగా పక్కన పెట్టి, బల్లమీద ఓ కర్ర ఉంచి, మోకాలితో అదిమిపట్టి బరబరా కోసేశాడు.

"ఇదిగో, ఇలా కోస్తుంది!" అన్నాడు రొప్పుతూ.

"ఏమంటావు?" అని రాజు పోలమ్మను అడిగాడు.

"నేను కోస్తుంటే ఎవరూ చూడలేదు ప్రభూ. ఆయన కోస్తుంటే కొలువంతా చూసింది. ఇది వడ్రంగిశాల కాదు కదా! ఊరు వదిలేముందు నా బల్ల మడిచి ఇచ్చిపొమ్మనండి."

కొలువంతా గొల్లున నవ్వింది. ఆ ఆజ్ఞ వెంటనే రద్దు చేయమని అందరికంటే ముందు వేడుకున్నది దివానే.