గుడ్డులో పిల్లకూ ఒక ఓటు

కొండ వాలున పదెకరాల బీడు. ఎద్దు, గాడిద, గొర్రె, కోడి కలిసి దాన్ని బాగు చేసుకుని అక్కడే బతుకుదామనుకున్నాయి. ఉమ్మడి సేద్యం, ఒకే చూరు కింద తలా ఒక గది, అందరికీ ఒకే పొయ్యి.

"ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందంటారు," అని గొణిగింది గాడిద.

"మధ్యలో నా పేరెందుకు లాగుతావు?" అంది గొర్రె.

అప్పుడొచ్చింది నక్క. దానికి దున్నడం రాదు, మొయ్యడం రాదు. కట్టుబాట్లు చెప్పడం బాగా వచ్చు. అలాంటివారూ ఒకరుండాలి గదా అని చేర్చుకున్నాయి.

నక్క గట్టు మీద కూర్చుని చెప్పింది. "ఇక్కడ పెద్దా చిన్నా లేదు. గుడ్డులో పిల్లకూ ఒక ఓటుంది. పనేదైనా అందరూ ఒప్పుకుంటేనే. ఒక్కరు కాదన్నా ఆగాలి."

ఎద్దు కళ్ళు చెమర్చాయి. ఇంత మర్యాద దాని జన్మలో ఎవరూ ఇవ్వలేదు.

తొలకరి పడింది. ఎద్దు దున్నింది. గాడిద చేలో రాళ్ళు మోసింది. గొర్రె ఎరువిచ్చింది. కోడి తన ఎనిమిది పిల్లలతో నాగలి చాలు వెంట నడిచి పురుగులేరింది. నక్క మీటింగులు పెట్టింది.

ఒక మధ్యాహ్నం చూస్తే పిల్లలు ఏడే ఉన్నాయి.

"గద్ద తన్నుకుపోయింది. కళ్ళారా చూశాను," అంది నక్క.

దాని మీసానికి పసుప్పచ్చటి నూగు అంటుకుని ఉంది. కోడి చూసింది. మిగతా ఏడింటినీ రెక్కల కిందకు లాక్కుంది.

సాయంత్రం మీటింగులో ఒక్క మాట అడిగింది. "నా గదికి తలుపు కావాలి."

"పెడదాం," అంది ఎద్దు. గాడిదా గొర్రే తలూపాయి.

"నేనొప్పుకోను," అంది నక్క. "ఈరోజు తలుపంటారు, రేపు గోడంటారు, ఎల్లుండి పొయ్యి వేరంటారు. కలిసి బతకడమంటే ఇదేనా కోడమ్మా?"

ఎద్దు తల దించుకుంది. "ఒక్కరు కాదన్నారు. ఆగాలి మరి."

"పిల్లల సంగతో?" అంది కోడి.

"నేను లేనూ? మీరంతా చేలో ఉన్నప్పుడు నేను కాస్తాగా!"

"దొంగ చేతికి తాళమిచ్చినట్టే," అంది గాడిద, గొర్రె చెవిలో. పైకి అనలేదు. పైకి అంటే సఖ్యత చెడుతుందట.

మర్నాడు కోడి నక్క చూడకుండా మిగతా ముగ్గురినీ పక్కకు పిలిచి రెండు ముక్కలు చెప్పింది. మధ్యాహ్నానికి చేలోకి ఒక వెదురు గంప వచ్చింది. గద్ద భయానికి కోడిపిల్లల మీద కమ్మే గంపే. కాకపోతే బాగా పెద్దది.

"ఇది తలుపు కాదు గదా నక్కన్నా?" అంది కోడి.

"కాదు, కాదు. మంచి గంప. కానీ లోపల పిల్లలకు ఒక పెద్దదిక్కుండాలి." నక్క పెదాలు తడుపుకుంది.

"నువ్వే ఉండు. ముందు నువ్వెళ్ళి కూర్చో. నిన్ను చూస్తే వాళ్ళకు ధైర్యం."

ఎద్దు కొమ్ముతో గంప అంచు ఎత్తింది. నక్క దూరింది. ఎద్దు కొమ్ము తీసేసింది. గాడిద తన వీపు మీది రాళ్ళ మూటను గంప మీదకు జారవిడిచింది.

"ఇదేంటి! పిల్లలేరీ?"

"గొర్రె కడుపు కింద," అంది కోడి.

"ఎత్తండి! గంప ఎత్తండి!"

"అట్లా ఎట్లా ఎత్తుతాం బావా? మీటింగు పెట్టాలి గదా," అంది గొర్రె.

పెట్టారు. ఎద్దు మనసు మెత్తన. "ఎత్తి, ఈ కొండ దాటి పొమ్మందాం," అంది. ఎద్దు అన్నాక గొర్రె సరేనంది. ఇద్దరి మొహాలూ చూసి గాడిదా సరేనంది. నక్క రెండుసార్లు సరేనంది.

"నేనొప్పుకోను," అంది కోడి.

"నువ్వొక్కదానివి! ఒక్కదాని కోసం ఇంతమంది..."

"ఒక్కరు కాదన్నా ఆగాలి."

నక్క గొంతు తగ్గింది. "మరి ఎప్పుడొప్పుకుంటావు తల్లీ?"

"గుడ్డులో పిల్లకూ ఓటుందన్నావు. నా ఎనిమిదో పిల్ల ఇంకా ఓటెయ్యలేదు. దాన్నడుగు. నీ దగ్గరే ఉంది."

నక్క తన పొట్ట వంక చూసుకుంది.

అందరూ పొయ్యి దగ్గరకు నడిచారు. జొన్న సంగటి ఐదు వాటాలు వేశారు. ఐదోది ముద్దలు చేసి గంప సందుల్లోంచి అందించారు. ఉమ్మడి కాపురంలో ఎవరినీ పస్తు పెట్టకూడదు గదా.

ఒక్కరి 'కాదు'తో ఊరినంతా ఆపినవాడు, ఆ ఒక్కరు తాను కాని రోజు కూడా వస్తుందని తెలుసుకోవాలి.