మాణిక్యం అడిగిన ఒక్క పూట

ఒరేయ్ తపస్వీ, నీ కాళ్ళు ఇటు పెట్టు. లాస్యా, నువ్వు గోడవైపు. దుప్పటి లాక్కోకండి, ఇద్దరికీ సరిపోతుంది. అమ్మ దగ్గరికి వెళ్తానంటే కుదరదమ్మా. బుజ్జిదాన్నో బుజ్జాణ్ణో కడుపులో మోసుకుంటూ, పొద్దుటి నుంచీ మీ ఇద్దరి వెనకా తిరిగి, ఇప్పుడే పుస్తకం ముందు కూచుంది. వచ్చే వారమే దాని పరీక్ష. ఈ పూటకి మీకు నేనే గతి. నాకూ మోకాళ్ళు లాగేస్తున్నాయి. కథ మధ్యలో నేనే నిద్రపోతే తట్టి లేపండి. ఊ కొట్టాలి మరి. ఊ ఆగితే కథ ఆగుతుంది.

అనగనగా ఏటికి ఇవతల ఒక ఊరు. ఆ ఊళ్ళో ఒక ఇల్లు. ఆ ఇంట్లో ఒక కోడలు. పేరు మాణిక్యం. పేరు గొప్పే గానీ, ఇంటెడు చాకిరీ ఆవిడదే. మొగుడు సూరన్న. మంచివాడే, కాస్త బుర్ర తక్కువ. అత్తగారు, మామగారు. రత్తాలని ఆరేళ్ళ కూతురు, గవరయ్యని మూడేళ్ళ కొడుకు. అప్పుడు ఆవిడకి మళ్ళీ నెల తప్పింది. మూడో కాన్పు.

ఆ ఏటికి అవతలే వైద్యులందరూ. ఇవతల ఒక్కడు లేడు. మాణిక్యానికి ఒక అక్క ఉండేది. ఏరు పొంగిన రోజున ఆవిడకి నొప్పులొచ్చాయి. పడవ కదల్లేదు, వైద్యుడు రాలేదు. అక్కా పోయింది, కడుపులో బిడ్డా పోయింది. ఊ కొట్టండ్రా, భయపడక. కథలో అన్నీ ఉంటాయి.

అప్పట్నుంచి మాణిక్యానికి ఒకటే పట్టుదల. ఏటికి ఇవతల తానే వైద్యం చెయ్యాలని. ఊళ్ళో కాటికి కాళ్ళు చాపుకున్న ముసలి వైద్యుడొకాయన ఉండేవాడులే, కళ్ళూ చేతులూ పోయి మూలన పడున్నవాడు. ఆయన తన తాటాకుల కట్ట ఈవిడ చేతిలో పెట్టి, ఇందులో నూట ఎనిమిది ఆకులున్నాయి, అన్నీ నోటికి రావాలి అన్నాడట. నోటికొస్తే చాలదు. పన్నెండేళ్ళకోసారి రాజుగారి కొలువులో వైద్యుల సభ జరుగుతుంది. అక్కడ పండితుల ముందు అప్పజెప్పి నెగ్గితేనే రాగి ఉంగరం ఇస్తారు. ఉంగరం లేనివాళ్ళు రోగి నాడి పట్టుకోవడానికి లేదు. ఆ సభ ఇంకో ఆరు నెలల్లో ఉంది. అప్పటికి మాణిక్యానికి తొమ్మిదో నెల జొరబడుతుంది. ఈసారి తప్పిందా, మళ్ళీ పన్నెండేళ్ళు. ఆ పన్నెండేళ్ళలో ఏరు ఎన్నిసార్లు పొంగుతుందో ఎవరికి తెలుసు?

నలభై ఆకులు వచ్చేశాయి. అరవై ఎనిమిది మిగిలాయి. సరే, చదువుదామని కూచుంటుంది. ఆకు తీస్తుంది, కేక వినిపిస్తుంది. ఆకు మూస్తుంది, లేచి వెళ్తుంది. అత్తగారికి కషాయం. ఆకు తీస్తుంది, కేక వినిపిస్తుంది. ఆకు మూస్తుంది, లేచి వెళ్తుంది. మామగారికి మజ్జిగ. ఆకు తీస్తుంది, కేక వినిపిస్తుంది. ఏం చేస్తుంది? ఆ, ఆకు మూస్తుంది, లేచి వెళ్తుంది. రత్తాలికి జడ, గవరయ్యకి ముక్కు, దూడకి గడ్డి, సూరన్నకి తువ్వాలు. తువ్వాలు ఎక్కడుంది? వాడి భుజం మీదే ఉంది! నవ్వకు లాస్యా, మీ తాతయ్య కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని నన్ను ఇల్లంతా వెతికించలేదూ?

పైగా వేవిళ్ళు. కూచుంటే నడుం నొప్పి, నించుంటే కాళ్ళ వాపు. రాత్రి దీపం ముందు కూచుంటే, అక్షరాలన్నీ చీమల్లా పాకుతుండేవిట. ఒక్కోసారి తాటాకు మీదే తల పెట్టి నిద్రపోయేది. పొద్దున్న లేచేసరికి బుగ్గ మీద అక్షరాలు అచ్చుపడేవి. అది చూసి సూరన్న, మా ఆవిడకి చదువు బాగా అంటుకుంది అనేవాడు. చెప్పాగా, బుర్ర తక్కువని.

అయిదో నెల వచ్చింది. చూలాలికి ఏం తినాలనుందో అడిగి పెట్టాలి కదా. ఆ కోరిక తీర్చకపోతే పుట్టిన బిడ్డకి చెవిలో చీము కారుతుందని అందరికీ భయం. అత్తగారు పిలిచి అడిగింది. ఏం కావాలే కోడలా, మొహమాటపడకుండా చెప్పు అని.

మాణిక్యం మొహమాటపడలేదు. నాకు రోజుకి ఒక పూట కావాలత్తయ్యా, పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా, నా పూట నాకు కావాలి అంది.

అత్తగారికి అర్థం కాలేదు. పుల్లటిదా, తియ్యటిదా అనడిగింది. అదేం తినేది కాదని మాణిక్యం చెప్పబోతుంటే, ఆవిడ అప్పటికే వంటింట్లోకి పోయింది. కడుపుతో ఉన్నవాళ్ళు నోరు తెరిచి చెప్పుకోలేరు, మనమే కనిపెట్టాలి అనుకుంది. చింతకాయ పచ్చడి చేసింది. కాదు. బూరెలొండింది. కాదు. పులిహోర, చలిమిడి, సున్నుండలు, మాగాయ, అరిసెలు, పనసకాయ కూర. ఏదీ కాదు! సూరన్న సంతకి పోయి, ప్రతి దుకాణంలోనూ ఒక పూట ఉందాండీ, ఆడమనిషికి సరిపడా ఇవ్వండి అని అడిగొచ్చాడు. లేదన్నారు. ఒకడు మాత్రం బెల్లం అచ్చు ఇచ్చి, ఇదే అని చెప్పి డబ్బులు తీసుకున్నాడు.

మరి ఇన్ని వండితే గిన్నెలెవరు తోమారర్రా? మాణిక్యమే! ఆవిడ కోరిక తీర్చడానికని వండిన ఎనిమిది వంటకాల గిన్నెలూ ఆవిడే తోమింది. ఆ వారం ఒక్క ఆకూ చదవలేదు. బావి గట్టు మీద కూచుని, బూడిద చేతులతోనే కళ్ళు తుడుచుకుంది. తలుచుకుంటే నాకే ఒళ్ళు మండుతుంది.

ఊ కొడుతున్నారా? తపస్వీ? ఆ, సరే.

ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉంది. ఇంట్లోవాళ్ళు తీర్చలేని చూలాలి కోరిక రాజుగారు తీర్చాలి. సూరన్న భయపడిపోయి, పుట్టేవాడి చెవులు తలుచుకుంటూ కొలువుకి పరిగెత్తాడు. రాజుగారు విన్నారు. ఆయనకీ అర్థం కాలేదు గానీ, రాజుగారు కదా, అర్థం కాలేదని ఒప్పుకోకూడదు. దండోరా వేయించారు. ఈ రోజు మొదలు పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా మాణిక్యాన్ని ఎవరూ పిలవరాదహో! పిలిచినవాడికి పాతిక కొరడా దెబ్బలహో! అని.

మర్నాడు ఇల్లంతా నిశ్శబ్దం. మాణిక్యం ఆకు తీసింది. కేక లేదు! ఒక వాక్యం చదివింది. ఎందుకో వీపు మీద ఏదో పాకినట్టనిపించి తలెత్తింది. గుమ్మంలో అందరూ నించునున్నారు. అత్తగారు ఖాళీ కషాయం గిన్నెతో, మామగారు మజ్జిగ చెంబుతో, రత్తాలు విడిపోయిన జడతో, గవరయ్య కారే ముక్కుతో, సూరన్న దూడ తాడు పట్టుకుని. ఎవరూ పిలవడం లేదు. గుడ్లప్పగించి చూస్తున్నారంతే. నువ్వయితే చదువుతావా? నేనైతే చీపురు తీసేదాన్ని. ఆవిడ ఆకు మూసింది, లేచి వెళ్ళింది.

ఎవరది, తలుపు దగ్గర? లాస్యా, ఎప్పుడు లేచావే? అమ్మని పిలవలేదు, ఊరికే చూస్తున్నానంటున్నావా? రా ఇటు. మంచినీళ్ళు నేనిస్తాను. ఇప్పుడే కదే ఆ సంగతి చెప్పింది!

ఎక్కడున్నాం? ఆ. అలా నాలుగు రోజులు గడిచాయి. అయిదో రోజు మాణిక్యం లేచి కషాయం గిన్నె అందుకోబోయి, కాళ్ళు నిలవక అక్కడే గోడకి జారి కూలబడింది. ఏడవలేదు, అరవలేదు. అలిసిపోయానత్తయ్యా, నావల్ల కాదు, ఆ కట్ట తీసుకెళ్ళి ముసలాయనకి ఇచ్చెయ్యండి అంది.

అత్తగారు కట్ట తియ్యలేదు. కోడలి పక్కనే నేల మీద చతికిలబడింది.  తర్వాత మెల్లగా చెప్పిందట. సూరన్న కడుపులో ఉన్నప్పుడు నన్నూ అడిగారే, ఏం కావాలని. చింతకాయ అన్నాను. నాకు చింతకాయ అక్కర్లేదు. నిద్ర కావాలి. పొద్దెక్కేదాకా పడుకోవాలని ఉండేది. అయిదు కాన్పుల్లోనూ చింతకాయే అడిగాను, అందరూ అదే అడుగుతారని. ఆ మాటలంటూ ఆవిడ పైట నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. ముసలావిడ ఏడుస్తుంటే మాణిక్యం ఆవిడ వీపు నిమిరింది. పాపం, అదీ కోడలి పనే అయింది ఆ పూట.

ఇంక చూడండి, అత్తగారు లేచి కొంగు బిగించింది. కషాయం నాది, నేను కాచుకుంటా. మజ్జిగ నీది, చేతులున్నాయిగా, నువ్వు చిలుకు అని మొగుడికి చెప్పింది. దూడా, పిల్లల జడా ముక్కూ సూరన్నవి. వాడు కూతురికి జడ వేస్తే అది ఒకవైపు తాడులా, ఒకవైపు చీపురులా ఉండేది. అలాగే బడికి పోయేది పిల్ల. గుమ్మంలో ఎవడైనా నించుంటే గరిటె తిరగేస్తానంది. రాజుగారి కొరడా కంటే ఆ గరిటెకే ఎక్కువ భయపడ్డారు.

అయితే మాత్రం మాణిక్యం అలుపు తీరిందా? తీరలేదు. కడుపులో మనిషిని పెంచడం అంటే ఏమనుకున్నారు? కానీ రోజుకి ఒక ఆకు. ఒక్కోరోజు సగం ఆకు. ఒక్కోరోజు పూటంతా నిద్ర, ఏ ఆకూ లేదు. అయినా యాభై, అరవై, ఎనభై. సభకి ముందురోజు నూట ఎనిమిదో ఆకు నోటికొచ్చింది.

బండి కట్టుకుని మొగుడూ పెళ్ళాం కొలువుకి వెళ్ళారు. రాత్రంతా బండి కుదుపులు. అక్కడ చూస్తే తన ముందు నలభై మంది మగవైద్యులున్నారు. మాణిక్యం ఒక స్తంభానికి ఆనుకుని కూచుంది. కూచున్నది కూచున్నట్టే నిద్రపోయింది.

ఆవిడ వంతు రాగానే భటుడు పేరు పిలవబోయాడు. సూరన్న ఒక్క ఉరుకున వెళ్ళి వాడి నోరు మూశాడు! పొద్దుటి పూట మా ఆవిణ్ణి పిలవకూడదు, రాజాజ్ఞ అన్నాడు. ఆ దండోరా వేసినవాడు ఆ భటుడే. పాతిక దెబ్బలు గుర్తొచ్చి నోరు మూసుకున్నాడు. పండితులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రాజుగారు పిలుద్దామంటే ఆజ్ఞ ఆయనదే. మరీ మాట తప్పితే బాగుండదు. నిండు సభంతా గుసగుసలాడుతూ కూచుంది. అటు మధ్యాహ్నం గంట కొట్టగానే సభ ముగుస్తుంది. గంట కొట్టేవాడు సుత్తి ఎత్తాడు కూడా. పన్నెండేళ్ళు పోయినట్టే!

అప్పుడు కడుపులో ఉన్నదానికి ఏమనిపించిందో, డొక్కలో ఒక్క తన్ను తన్నింది. దానికి రాజాజ్ఞ ఏం తెలుసు? మాణిక్యం అబ్బా అని కళ్ళు తెరిచింది. సుత్తి చూసింది, గబగబా ముందుకొచ్చింది.

నిలబడి చెప్పాలన్నారు పండితులు. నిలబడలేనండీ, పీట వేస్తే కూచుని చెప్తాను, లేదంటే పడుకుని చెప్తాను అంది. రాజుగారే సుత్తి ఆపించి, పీట వేయించారు. నూట ఎనిమిది ఆకులూ అప్పజెప్పింది. చివర్లో పెద్ద పండితుడు, నొప్పులు పడుతున్న మనిషికి ముందు ఏం ఇస్తావని అడిగాడు. ఎన్ని రాత్రులైంది నిద్రపోయి అని ముందు అడుగుతానండీ, తర్వాతే మందు అంది మాణిక్యం. అది ఏ ఆకులోనూ లేదు. పెద్దాయన గంటం తీసి, ఆ మాట తన తాటాకు మీద రాసుకున్నాడు. ఉంగరం తెచ్చి ఆవిడ వేలికి పెడితే, వేలు వాచిపోయి పట్టలేదు. కొంగున ముడేసుకుంది.

సభ అయిన పన్నెండో రోజున ఆడపిల్ల పుట్టింది. సుఖంగానే పుట్టింది, అర్ధరాత్రి. చెవులు శుభ్రంగా ఉన్నాయో లేదో ముందు అవే చూసుకున్నాడు సూరన్న.

ఊ ఏదీ? కొంచెమే ఉంది, పడుకోకండి.

పిల్లకి నెల తిరక్కుండానే ఏరు పొంగింది. పక్క వీధి కుమ్మరివాళ్ళ కోడలికి రెండు రోజులుగా నొప్పులు. పడవ కదలదు. వాళ్ళాయన పరిగెత్తుకొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. మాణిక్యం ఒళ్ళో పిల్ల పాలు తాగుతోంది. నిద్రలేక కళ్ళు పీక్కుపోయి ఉన్నాయి. ఆవిణ్ణి వెళ్ళమని చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు. అత్తగారు చేతులు చాపి, పిల్లని ఇటియ్యి, నువ్వు వెళ్ళిరా అంది.

వెళ్ళింది. తెల్లవారుజామున తిరిగొచ్చింది. కుమ్మరివాళ్ళ కోడలు బతికింది. మగపిల్లాడు, వాడూ బతికాడు. మాణిక్యం గుమ్మంలోనే కూచుని, వాళ్ళక్క పేరు పెట్టి పిలుచుకుంటూ వెక్కివెక్కి ఏడ్చింది. తర్వాత లోపలికి వచ్చి, ఏడుస్తున్న పిల్లకి పాలిచ్చి, అలాగే మధ్యాహ్నం దాకా నిద్రపోయింది. ఆ ఏడాది నుంచీ ఏటికి ఇవతల వరదలో ఏ తల్లీ పోలేదు.

అందరూ సుఖంగా ఉన్నారా అంటే, అలిసిపోయి ఉన్నారు నాన్నా. పని చేసుకునేవాళ్ళు అలిసిపోతారు. పక్కనున్నవాళ్ళు కొంత అందుకోవాలి, అంతే. ఇంక కళ్ళు మూసుకోండి. కథ కంచి దారి పట్టింది, మనం మంచం దారి పడదాం.