మూడో మలుపు తెలిసిన ఎద్దు

మిట్టనగరం జంతువుల పట్నం. పట్నమేమో కొండమీద, నీళ్లేమో కింద ఏట్లో. ఎవరు కట్టారో గానీ, దాహం సంగతి ఆలోచించినవాళ్లు మాత్రం కాదు. పది నీళ్లబండ్లు పొద్దుటినుంచి ఎక్కితేనే ఊరి గొంతు తడిసేది. దారిలో మూడు మలుపులు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ తొయ్యాలో తెలియని ఎద్దయితే బండి వెనక్కి జారుతుంది.

అందుకే అక్కడొక పద్ధతి ఉండేది. ఎద్దుకి పన్నెండేళ్లు నిండితే కాడి దించేవారు. దించేముందు ఏడాదంతా దాని పక్కన ఒక కోడెని కట్టేవారు. కాడి మరపడం, అంటే కోడెకి కాడి అలవాటు చేసి పని నేర్పడం, అదే. ఆ ఏడాది బండి నెమ్మదిగా నడిచేది, ఊరు ఓర్చుకునేది.

బండ్ల మేస్త్రీ జంబయ్య నక్కకి ఆ నెమ్మది గిట్టదు. ఒక ఏడాది పదకొండేళ్లు నిండిన ఎద్దులు ఎక్కువయ్యాయి, వాటన్నిటి పక్కనా కోడెల్ని కట్టాల్సి వచ్చింది. నక్క అన్నిటినీ పిలిచింది.

"ఇకమీదట పన్నెండు కాదు, పదిహేను. మీలాంటి పనిమంతుల్ని ఇంట్లో కూర్చోబెట్టడం ఊరికే నష్టం."

కర్రెద్దు మురిసిపోయింది. "కాడి దించాక మనల్ని పలకరించేదెవరు? నేనుంటాను మేస్త్రీ."

మైలెద్దుకి అప్పటికే మోకాళ్లు వాచి ఉన్నాయి. "నేనూ ఉంటాను. కానీ నా పక్కన కర్రన్న వద్దు, పుల్లకోడెని కట్టు. మూడేళ్లలో మలుపులన్నీ దాని మెడకి తెలుస్తాయి."

"కోడెని కడితే నాలుగు తడవలు తిరిగే బండి రెండే తిరుగుతుంది. నేర్పడం తర్వాత చూద్దాంలే మైలన్నా."

"మరి నేనేం చెయ్యాలి?" అంది గుమ్మంలో నిలబడ్డ పుల్లకోడె.

"వయసులో ఉన్నావు, నీకేం? ఎదురుచూడు."

చూసింది. రెండేళ్లు గోడలకి ఒళ్లు రాసుకుంటూ తిరిగింది. 'తిని తిరుగుతోంది' అన్నవాళ్లే తప్ప, కాడి ఇవ్వందే ఏం లాగుతుందని అడిగినవాళ్లు లేరు. ఆ మాట తలుచుకుంటే నాకిప్పటికీ కడుపు మండుతుంది. ముసలెద్దుల మెడలు పుండ్లు పడ్డాయి. ఎద్దు పుండు కాకికి నొప్పా? నక్క బండ్లు లెక్కపెట్టుకుంటూ కూర్చుంది.

మూడో వేసవికి ఎద్దులు ఒక్కొక్కటే చతికిలబడ్డాయి. తొమ్మిది బండ్లు ఆగిపోయాయి. మిగిలింది మైలెద్దూ కర్రెద్దూ లాగే బండి ఒక్కటే. రెండో మలుపులో కర్రెద్దు కాలు జారి పడింది, మరి లేవలేదు. కింద ఏట్లో దూడలు నీళ్లు తాగుతున్నాయి. బండి వాటిమీదికి దొర్లకుండా మైలెద్దు ఒక్కటే మెడ బిగించి నిలబడింది. బండి ఆగింది గానీ దాని ముంగాలు చితికిపోయింది.

నక్క పరుగున పుల్లకోడె దగ్గరికి వెళ్లింది. "ఒరే పుల్లోడా, రేపటినుంచి బండి నీదే."

"నాకు మలుపులు తెలియవు మేస్త్రీ."

"లాగడానికి తెలిసేదేముందిరా?"

మర్నాడు మొదటి మలుపులోనే బండి జారింది. పీపాలు పగిలాయి, కోడె డొక్క చీరుకుపోయింది. ఊళ్లో కోడిపిల్లలు దాహంతో నోళ్లు తెరుచుకుని కూర్చున్నాయి.

"మొక్కై వంగనిది మానై వంగుతుందా!" అని నక్క తల బాదుకుంది.

దారిపక్కన పడుకున్న మైలెద్దు తల ఎత్తింది. "మొక్కగా ఉన్నప్పుడు నీ గుమ్మంలోనే నిలబడింది మేస్త్రీ. పొమ్మన్నది నువ్వు."

అని కుంటుకుంటూ లేచింది. "పుల్లోడా, పద. పక్కన నడుస్తాను."

"నీకు కాలు సరిగా లేదు పెదనాన్నా."

"నోరుంది కదరా."

మొదటి మలుపు నేర్పడానికి అయిదు రోజులు పట్టింది. రెండోదానికి వారం.

"మూడోది ఎలా పెదనాన్నా?"

"అది చెబితే వచ్చేది కాదు. మెడ పక్కన మెడ ఉండాలి. రేపు నీతో కాడి కింద నేనూ నిలబడతాను."

మర్నాడు కోడె వచ్చి పిలిస్తే మైలెద్దు పలకలేదు. కోడె చాలాసేపు దాని మెడ నాకుతూ అక్కడే ఉంది.

మూడో మలుపు ఎలా ఎక్కాలో కాడి కింద నిలబడి నేర్పగల ఎద్దు ఇప్పుడా పట్నంలో లేదు. అక్కడ బండి ఆపి, నీళ్లు కుండల్లోకి దించి, మిగతా దారంతా నెత్తిమీద మొయ్యాలి. ఊరంతా ఒక్కమాటగా ఆ కుండలు జంబయ్య నెత్తికెత్తింది. నక్కకీ వయసు మీదపడింది. ఎప్పుడు దించుతారని అడిగితే, "నీ పని ఇంకొకరికి నేర్పావా?" అంటున్నారు.

నీతి: పెద్దల అనుభవాన్ని ఎన్నేళ్లయినా నిలుపుకోవచ్చు, దాని పక్కన నేర్చుకునేవాడికి చోటిస్తేనే.