చిప్పోడికి దొరికిన బొరియ

ఈ కథ నాకు మొదట చెప్పింది పీతల బుట్టలు అల్లే సంగాని ధర్మయ్య. ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. తరవాత చెప్పినవాళ్లు తలో ముక్కా కలిపారు. ఎవరెవరు కలిపారో నాకు తెలుసు.

మడ అడవిలో ఏటి వార ఒక బురద దిబ్బ. అమావాస్య పోటు సాయంత్రానికి వచ్చేస్తుంది. దిబ్బ మీద బొరియ ఉన్నవాడు బతుకుతాడు, లేనివాణ్ణి నీళ్లు ఈడ్చుకుపోయి చేపల నోట్లో పెడతాయి. అందుకని పొద్దుటినుంచీ పీతలకు కాలు నిలవడం లేదు. ఇటు నాలుగడుగులు, అటు నాలుగడుగులు.

దిబ్బకు పెద్ద ఒక ముసలి మండపీత. అందరూ పెద్దమండ అంటారు. ఎవరి బొరియ ఎక్కడో ఆయనే చెప్పాలి. ఆ పూట ఆయన ముందుకు, చూడ్డానికి పీతలాగే ఉండే చిప్పోడు వచ్చాడు. ఆలిచిప్పల గుట్టలో ఉండేవాడు. పడవ తగిలి ఆ గుట్ట కాస్తా కూలిపోయింది.

"తాతా, నాకూ ఓ బొరియ ఇప్పించు. నేనూ పీతనే."

"ముందున్న పట్టు డెక్కలు రెండూ వదిలేసి కాళ్లు లెక్కపెట్టు."

"ఆరు."

"మాకు ఎనిమిది."

"నాకూ ఎనిమిదే తాతా. రెండు సన్నవి, వెనక్కి మడిచి పెట్టుకున్నాను."

"మడిచి పెట్టుకున్నావో, దాచి పెట్టుకున్నావో. పొట్ట కింద మూత చూపించు."

చిప్పోడు చూపించాడు. పెద్దమండ అందరినీ దగ్గరికి పిలిచాడు.

"చూశారర్రా, మూత చివర తోక ఇంకా విసనకర్రలా ఉంది. మన మగాడి మూత సన్నగా మొనదేలి ఉంటుంది. దాని కింద రెండు గొట్టాలు, గొట్టాల్లోంచి బీజం నెట్టడానికి రెండు పుల్లలు. వీడికి గొట్టమేదీ? వీళ్లు శంఖంలో దూరే పీతలకు దాయాదులు. మనలాగే బతికి బతికి మనలాగే గుండ్రంగా తయారయ్యారు. అంతమాత్రాన మనవాళ్లయిపోతారా?"

అది నిజమే. కానీ ఆయనకు వేరే కోపం కూడా ఉంది. పోయినేడు తను పాత పెంకు వదిలి ఒళ్లు మెత్తగా ఉన్నప్పుడు, చిప్పోడి మేనమామ బొరియలోకి తొంగిచూసి "ఏం తాతా, జావలా ఉన్నావు" అన్నాడు. ఆ మాట ఆయన ఒక్క పూట కూడా మరవలేదు.

అంతలో గుంటనక్క వచ్చింది. చెట్టు చాటున నిలబడి అంతా విన్నది.

"పెద్దయ్యగారూ, మీరన్నది అక్షరాలా నిజం. జాతి పైపెంకులో లేదు, పొట్ట కింద ఉంది. వీడొక్కడేనా? ఇంకెంతమంది దొంగపీతలు మీలో దూరారో. అందర్నీ వరసగా వెల్లకిలా పడుకోబెట్టండి. నాకు బొరియా అక్కర్లేదు, పక్షపాతమూ లేదు. చూసి చెప్తాను."

తన మాటను మెచ్చుకున్నవాళ్లు పెద్దమండకు చాలా రోజులకు దొరికారు.

ఒక డెక్క పెద్దగా, ఒకటి బుల్లిగా ఉండే ఎర్రడెక్క ముందుకొచ్చాడు. "మామా, మీకు బీజందారి వెనక కాలి మొదట్లో తెరుచుకుంటుంది. మాకు రొమ్ము పలకలో. రేపు నన్నూ కాదంటారా?"

"నాది ఒక శాఖ, నీది ఒక శాఖ. ఇద్దరం పీతలమే. పడుకో."

"ఆడవాళ్లం మేమూనా? మా మూత తమలపాకంత వెడల్పు, అవతలి ఒడ్డుకు కూడా కనిపిస్తుంది," అంది ఒకామె.

"అదీ తేలిపోనీ."

"తాతా," అన్నాడు చిప్పోడు, "నక్క ముందు వెల్లకిలా పడుకోవడమేంటి?"

"వరసలో లేనివాడికి మాట లేదు."

నీళ్లు దిబ్బ అంచు నాకుతున్నాయి. పీతలన్నీ వెల్లకిలా పడుకుని కాళ్లు గాలిలో కొట్టుకుంటున్నాయి. వరసలో మొదటివాడు పెద్దమండ. నక్క వంగి ఆయన పొట్ట మీదికి మూతి తెచ్చింది. మూత మీద చొంగ చుక్క పడింది.

"ఏం కనిపించింది?" అన్నాడు పెద్దమండ.

"శ్రేష్ఠమైన జాతి. లోపల గుడ్లు నిండుగా ఉన్నాయి."

ఆయనకు ముందు అవమానంగా అనిపించింది. భయం తరవాత వచ్చింది.

"సన్న మూత కింద గుడ్లా? నువ్వు చూసేది జాతి కాదు, కూర."

అని రెండు డెక్కలతో నక్క ముక్కు పట్టేశాడు.

"వదులు. లేదా వీళ్లందర్నీ తొక్కేస్తాను," అంది నక్క ముక్కుతో. తొక్కడానికి అడుగు వేసిన ప్రతిసారీ డెక్క ఇంకాస్త బిగిసింది.

మిగతా పీతలు తిరగబడలేక గిలగిలలాడుతున్నాయి. ఆ దిబ్బ మీద కాళ్ల మీద నిలబడి ఉన్నది ఒక్క చిప్పోడే. వాడు వరస పొడుగునా పరిగెత్తి, ఒక్కొక్కరి అంచు కింద తన పలచటి డెక్క దూర్చి బోర్లా తిప్పాడు. తిరిగినవాళ్లు తిరిగినట్టు బొరియల్లోకి పోయారు. చివరివాడు దూరాక పెద్దమండ ముక్కు వదిలి నీళ్లలో పడ్డాడు. నక్క ముక్కు వంకాయంత వాచింది. ఇంత వరసలో ఒక్కణ్ణీ తినకుండా ఖాళీ కడుపుతో పోయింది.

పెద్దమండ గట్టెక్కి చిప్పోడి వైపు చూశాడు.

"ఏం చేసినా నువ్వు పీతవి కావు."

"సరే తాతా."

"నా పక్క బొరియ ఖాళీగా ఉంది. పోటు వచ్చేస్తోంది, గుడ్లప్పగించి నిలబడకు."

నీతి: జాతి తేల్చడం వేరు, చోటివ్వడం వేరు.

పిల్లల కోసం అచ్చేసిన కాగితంలో మాత్రం పెద్దమండ "నువ్వూ పీతవే నాయనా" అని చిప్పోణ్ణి కావలించుకున్నాడని రాశారు. ఆయన అలా అనలేదు. ధర్మయ్య అలా చెప్పలేదు. చదువుకున్నవాళ్లు ఎవరైనా పూనుకుని ఆ వాక్యం కొట్టేయించి, పీత కాదని తెలిసే బొరియ ఇచ్చాడని దిద్దించండి.