బోణీ కాని పొద్దు

ముప్పై ఆరేళ్ళ వయసులో సునందకి మొదటి ఉద్యోగం దొరికింది. పెద్దాసుపత్రి ఎదురుగా ఉన్న మందుల షాపులో గల్లా మీద కూర్చునే పని. భర్త జీతం ఇంటద్దెకీ బియ్యానికీ సరిపోతే, కూతురి కాలేజీ ఫీజు ఈ ఉద్యోగం మీద ఆధారపడి ఉంది.

షాపు యజమాని శేషగిరి మొదటి రోజే కచ్చితంగా చెప్పాడు. "నెల రోజులు గురువుగారి దగ్గర నేర్చుకోమ్మా. ఆ తర్వాత ఆయన ఉండమంటే ఉండు. వద్దంటే మాత్రం ఏమీ అనుకోవద్దు."

గురువుగారంటే ఖాజా మొహిద్దీన్ గారు. ఆయనకి ఆశ్రమం లేదు, శిష్యగణం లేదు, తెల్లటి గడ్డం మాత్రం ఉంది. శేషగిరి తండ్రి కాలం నుంచీ నలభై ఏళ్ళుగా అదే గల్లా, అదే కుర్చీ. చిల్లరని బల్ల మీద గిరాటు వెయ్యడం ఆయన చేతికి తెలియదు. ఎంత రద్దీలోనైనా ఎదుటి మనిషి అరచేతిలో పెట్టేవారు. ఆసుపత్రికి వచ్చిపోయే పల్లెటూరివాళ్ళు ఊరి పేరు మర్చిపోయినా ఈయన్ని గుర్తుపెట్టుకునేవారు. ఇప్పుడు కళ్ళు మసకబారి కంప్యూటరు అక్షరాలు ఆనడం లేదు. అందుకని ఆ కుర్చీకి ఇంకో మనిషిని వెతికారు.

సునందకి వచ్చిన చిక్కల్లా ఒకటే. గురువుగారు ఏమీ నేర్పడం లేదు.

పక్కన స్టూలు మీద కూర్చుని టీ తాగుతారు, వచ్చినవాళ్ళని పలకరిస్తారు, అంతే. అందుకని ఆవిడే శేషగిరి చెప్పిన నియమాలన్నీ కూతురి పాత నోటుబుక్కులో రాసుకుని బట్టీ పట్టింది. మొత్తం పద్నాలుగు. కత్తిరించిన మాత్రల అట్ట వాపసు తీసుకోకూడదు. బిల్లు లేనిదే వాపసు మాట ఎత్తకూడదు. ఏడో నియమం అన్నిటికన్నా గట్టిది, శేషగిరి తండ్రి పెట్టింది. పొద్దున బోణీ కాకుండా గల్లాలోంచి ఒక్క రూపాయి బయటికి పోకూడదు.

ఎనిమిది రోజుల్లో ఒక్క తప్పు కూడా చెయ్యలేదు. ఆ సంగతి తనకి తెలుసు, పక్కవాళ్ళకి కూడా తెలియాలని ఉండేది.

"గురువుగారూ, పద్నాలుగూ వచ్చేశాయి. ఇంకా ఏం నేర్చుకోవాలి?" అని ఎనిమిదో రోజు సాయంత్రం అడిగింది.

"చెప్తానులేమ్మా" అన్నారాయన.

తొమ్మిదో రోజు తెల్లవారకముందు నుంచీ వాన. సునంద తడుస్తూనే ఏడింటికల్లా వచ్చి గల్లా తెరిచి కూర్చుంది. మందులు తీసిచ్చేవాళ్ళు లోపల అరల దగ్గర నిన్న వచ్చిన పెట్టెలు విప్పుకుంటున్నారు. గురువుగారు ఇంకా రాలేదు. రోడ్డు మీద కుక్క కూడా లేదు.

గల్లా ముందు అద్దం ఉంది. దాని నిండా అప్పివ్వబడదు, గొడవ పడరాదు అని కాగితాలు అంటించి ఉన్నాయి. కిందివైపు చెయ్యి పట్టేంత సందు, పైన మొహం కనిపించేంత ఖాళీ. ఆ ఖాళీలోకి ఒక మొహం వచ్చింది. యాభై దాటిన మనిషి, మాసిన గడ్డం, తలమీద తడి తువ్వాలు.

"అమ్మా, ఈ మందులు ఎనక్కి తీసుకుంటారా?"

"బిల్లుందా?"

"ఉందమ్మా. రాత్రే కొన్నా."

సందులోంచి ఒక కవరు లోపలికి వచ్చింది. సునంద పరీక్షగా చూసింది. అట్టలు కత్తిరించలేదు, సెలైన్ సీసాలకి మూతలు ఊడలేదు, బిల్లు రాత్రిదే. పద్దెనిమిది వందల చిల్లర రావాలి. అన్నీ సరిగ్గా ఉన్నాయి, ఒక్కటి తప్ప.

"ఇంకా బోణీ కాలేదండీ. ఎవరైనా ఒక్కరు కొన్నాక ఇచ్చేస్తాను. కాస్త ఆగండి."

"బండాయన బయట ఉన్నాడమ్మా. డబ్బులు ముందు చేతిలో పెడితేగానీ కదలనంటున్నాడు. మేం ఊరికి పోవాల."

"ఐదు నిమిషాలండీ, అంతే."

ఆయన తలూపాడు. ఆసుపత్రిలో నాలుగు రోజులు తిరిగినవాళ్ళకి ఎవరు ఆగమన్నా ఆగడం అలవాటైపోతుంది కాబోలు.

ఐదు నిమిషాలు పది అయ్యాయి, పది ఇరవై అయ్యాయి. వాన తగ్గలేదు. రోడ్డుకి అవతల ఒక బండి హారన్ రెండుసార్లు మోగింది. ఆ మనిషి అటు చూశాడు, ఇటు చూశాడు, మళ్ళీ అక్కడే నిలబడ్డాడు. సునంద శేషగిరికి ఫోన్ చేసింది. పూజ అయ్యేదాకా ఆయన ఫోన్ ముట్టుకోడు. పోనీ ఇచ్చేద్దామా అనుకుంది. వాపసు బిల్లు మీద టైము అచ్చవుతుంది. బోణీకి ముందే వాపసు ఇచ్చినట్టు తెలిస్తే తొమ్మిది రోజుల ఉద్యోగం పదో రోజు చూడదు. ఎవరికైనా ఇంత దగ్గో జలుబో రాకూడదా అనుకుంది, అనుకున్నందుకు నాలిక కరుచుకుంది. సునంద మంచి మనిషే పాపం. భయం ఆమెని ఆ కుర్చీకి కట్టేసింది.

అప్పుడొచ్చారు గురువుగారు, ప్యాంటు మోకాళ్ళ దాకా మడుచుకుని, గొడుగు దులుపుకుంటూ. సునందకి ప్రాణం లేచొచ్చింది. గుక్క తిప్పుకోకుండా అంతా చెప్పింది. బండివాడి సంగతి, ఏడో నియమం, శేషగిరి ఫోన్ ఎత్తకపోవడం.

"మీరే చెప్పండి గురువుగారూ, నేనేం చెయ్యను?"

ఆయన గల్లా పక్కనున్న అడ్డుపలక పైకెత్తి లోపలికి వచ్చారు.

"లేమ్మా. అటు వెళ్ళి నిలబడు."

ఇంతే ఇక, కూతురి ఫీజు సంగతి దేవుడెరుగు అనుకుంటూ సునంద లేచింది. అడ్డుపలక కింద నుంచి బయటికి వచ్చి ఆ మనిషి పక్కనే నిలబడింది. గురువుగారు నింపాదిగా కుర్చీలో సర్దుకు కూర్చున్నారు.

ఇవతల నుంచి చూస్తే అద్దం మీద కాగితాలూ గురువుగారి మొహమూ తప్ప లోపలేమీ కనిపించడం లేదు. తల తిప్పింది. పక్కనున్న మనిషి ఇప్పుడు పూర్తిగా కనిపించాడు. పంచె తడిసి కాళ్ళకి అంటుకుపోయింది. చంకలో ఒక జత ఆడవాళ్ళ చెప్పులు. చిన్న పాదాలవి, నీలం రంగు పట్టీలు అరిగి తెల్లబడ్డాయి. రెండూ కలిపి గుడ్డపీలికతో కట్టి ఉన్నాయి. రోడ్డుకి అవతల నిలబడ్డ బండి వెనక తలుపు సగం తెరిచి ఉంది. లోపల పొడుగ్గా తెల్లటి దుప్పటి.

ఆమె దేన్ని చూస్తోందో ఆయన గమనించాడు.

"నాలుగింటికి పోయిందమ్మా మా ఆవిడ" అన్నాడు. "చెప్పులు ఆడ వదిలి రాబుద్ధి కాలా."

ఇరవై ఐదు నిమిషాలు. ఈ మనిషిని తాను ఇరవై ఐదు నిమిషాలు నిలబెట్టింది. సిగ్గుతో సునంద మొహం మండిపోయింది.

"ఏం కావాలమ్మా?"

అద్దం వెనక నుంచి గురువుగారి గొంతు. సునంద తెల్లమొహం వేసింది.

"నాకా? నాకేం వద్దు గురువుగారూ."

నలభై ఏళ్ళుగా కొట్టుకి వచ్చిన ప్రతి మనిషినీ ఏ గొంతుతో అడిగారో, అదే గొంతుతో ఆయన మళ్ళీ అడిగారు.

"ఏం కావాలమ్మా?"

అప్పుడు తెలిసింది ఆమెకి. గబగబా పర్సు తీసింది. సాయంత్రం బస్సుకి దాచుకున్న యాభై రూపాయల కాగితం ఉంది. ఇంత సేపూ అది తన ఒళ్ళోనే ఉంది.

"దూది" అంది. "ఒక చుట్ట ఇవ్వండి."

గురువుగారు లోపలికి కేకేశారు. దూది వచ్చింది. నోటు అందుకుని కళ్ళకద్దుకున్నారు, బిస్మిల్లా అని గొణిగి గల్లాలో వేశారు. కళ్ళు చికిలించి తెర మీదికి వంగి బిల్లు తీశారు. మిగిలిన చిల్లర సునంద అరచేతిలో పెట్టారు. ఆ తర్వాత సందులోంచి చెయ్యి చాచారు.

"ఆ కవరు ఇట్లా ఇవ్వు నాయనా."

వాపసు రెండు నిమిషాల్లో అయిపోయింది. ఆయన నోట్లు రెండు చేతులతో పట్టుకుని ఇచ్చారు, ఆ మనిషి రెండు చేతులతో తీసుకున్నాడు. సునంద దూది చుట్ట అతని చేతిలో పెట్టింది.

"ఇది కూడా ఉంచండి. ఇంటికెళ్ళాక కావాలిగా."

"అవునమ్మా" అన్నాడాయన, అప్పుడే గుర్తొచ్చినట్టు. చెప్పులు జారిపోకుండా చంకలో అదుముకుని వానలో రోడ్డు దాటాడు.

బండి కదిలి మలుపు తిరిగేదాకా సునంద మెట్ల మీద నిలబడింది. చీర కుచ్చెళ్ళు తడిసిపోయినా లోపలికి రాలేదు. గురువుగారు కూడా పిలవలేదు.

కాసేపటికి శేషగిరి కారు దిగాడు. మెట్ల మీద తడుస్తున్న సునందని చూశాడు, గల్లా దగ్గర కూర్చున్న ముసలాయన్ని చూశాడు. ఏదో జరిగిందని మాత్రం అర్థమైంది.

"బోణీ అయ్యిందా గురువుగారూ?"

"అయ్యిందయ్యా. మంచి బోణీ."

"మరి మీరు కూర్చున్నారేంటి? నెల రోజుల్లో ఆ అమ్మాయికి గల్లా పని నేర్పమన్నాను కదా. ఆవిడేమో బయట, మీరేమో లోపల!"

మొహిద్దీన్ గారు కుర్చీలోంచి లేచారు. అడ్డుపలక పైకెత్తి, సునంద లోపలికి వచ్చేదాకా అలాగే పట్టుకున్నారు.

"నేర్పడం అయిపోయిందయ్యా" అన్నారు.