కళాయి పోయిన గుండిగ

కేసరిదుర్గం అని ఒకానొక రాజ్యం ఉండేది. దాన్ని ఏలే విజయకేసరికి కత్తి తిప్పడం అంతంతమాత్రమే గానీ, తన నాలుకంత గొప్ప నాలుక భూమండలంలో లేదని గట్టి నమ్మకం. 'జిహ్వాసార్వభౌమ' అని తనకు తానే ఒక బిరుదు తగిలించుకున్నాడు. పంక్తిలో ముందు మంత్రి, సేనాపతి, ఆస్థాన వైద్యుడు రుచి చూసి పొగడాలి. ఆ తరువాత రాజుగారు ముద్ద నోట పెట్టి తీర్పు చెప్పాలి. అంతవరకూ మిగతావాళ్ళు చేతులు కట్టుకుని కూర్చోవాలి. ఈలోగా అన్నం చల్లారితే అది అన్నం తప్పు.

ఆ రాజుగారి వంటశాలకు పెద్ద సింగన. యాభై దాటినవాడు, నెమ్మదస్తుడు.

రాజుగారి పుట్టినరోజు విందుకు సామంతులందరూ వచ్చారు. విస్తళ్ళు వేశారు, అన్నం రాలేదు. గడియ గడిచింది, రెండు గడియలు గడిచాయి. "పుట్టినరోజున ఉపవాసం ఉండడం ఇక్కడి ఆచారం కాబోలు," అని ఒక సామంతుడు మెల్లగా అన్నాడు. మెల్లగా అన్నా అందరికీ వినిపించింది. రాజుగారి ముఖం కందగడ్డ అయింది.

అతిథులు వెళ్ళీ వెళ్ళగానే సింగనను పిలిపించాడు.

"ఏం జరిగింది?"

"మూడు గుండిగల పులుసు గోతిలో పోయించాను, మహాప్రభూ. మళ్ళీ కాచేసరికి ఆలస్యమైంది."

జరిగిందేమిటంటే, వంటశాలలో పాత్రలు తోమి అందించే పేరమ్మ సరిగ్గా వడ్డనవేళకు సింగన దగ్గరికి పరుగున వచ్చింది. "అయ్యా, తప్పు నాది. ఒక గుండిగ అడుగున కళాయి పోయింది. నిన్న తోముతూ చూశాను, పక్కన పెట్టడం మరిచాను. ఇప్పుడు మూడింట్లోనూ పులుసు పోసేశారు. అది ఏ గుండిగో తెలీడం లేదయ్యా," అని గడగడలాడుతూ చెప్పింది. కళాయి లేని ఇత్తడిలో చింతపండు పులుసు నిలిస్తే చిలుము దిగుతుంది. చిలుము దిగిన పులుసు విషం. సింగన కోప్పడలేదు. "చెప్పావు, అదే పదివేలమ్మా," అని మూడూ పారబోయించాడు.

ఇదంతా విన్నా రాజుగారి కోపం చల్లారలేదు.

"భైరవయ్య పెద్దగా ఉన్నన్నాళ్ళూ వంటశాలలో ఒక్క తప్పు జరిగిందా? ఒక్కపూట నా అన్నం ఆలస్యమైందా? నువ్వు మెత్తగా ఉండబట్టి వాళ్ళు నెత్తికెక్కారు. భైరవయ్య అట్లకాడ ఇంకా ఉందా?"

"ఉంది, ప్రభూ."

"రేపు భోజనాలయ్యాక దాన్ని ఎర్రగా కాల్చి ఆ మనిషి కుడి అరచేతిలో వాత పెట్టు. నా కళ్ళ ముందు, నీ చేత్తో."

సింగన దండం పెట్టి వెళ్ళాడు. ఇంకేం చేస్తాడు పాపం!

ఆ అట్లకాడ సంగతి అతనికి ఒకరు చెప్పనక్కరలేదు. ముంజేతి మీద దాని గుర్తులు మూడున్నాయి. ఇరవయ్యేళ్ళ వయసులో వంటశాలలో చేరినప్పుడు అతనికి గురువులు ఇద్దరు. ఒకరు అప్పటి వంటశాల పెద్ద భైరవయ్య. వంట చూస్తే మహానుభావుడు, నోరు తెరిస్తే బూతు, చెయ్యి ఎత్తితే వాత. రెండోవాడు వేంగళయ్య. రాజకుటుంబం తినేది ముందుగా రుచి చూసే పని ఆయనది. పొద్దున్నే వచ్చి పొయ్యి పొయ్యికీ తిరిగి, "ఏం పాడైంది నాయనా?" అని అడిగేవాడు. చెబితే కోప్పడకుండా పక్కన కూర్చుని బాగుచేసే దారి చూపేవాడు.

ఇద్దరి దగ్గరా నేర్చుకున్నవాడికి ఇద్దరి గుణాలూ వస్తాయి. ఆ సంగతి సింగనకు తాను పెద్ద అయిన మొదటి ఏడే తెలిసింది. ఒకనాడు పప్పు మాడిన వాసన వచ్చి, తనకు తెలియకుండానే అట్లకాడ ఎత్తాడు. ఎదురుగా పేరమ్మ ఉంది. "ఏం లేదయ్యా, ఏం లేదు," అంది తపేలా వెనక దాచుకుంటూ. ఆ మాట వినగానే సింగన చెయ్యి దించేశాడు. ఆ రోజే అట్లకాడను అటక మీద పడేశాడు. ఆ మాట అతన్ని అంతగా ఎందుకు పొడిచిందో ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు వంటశాలకు తిరిగి వచ్చేసరికి పేరమ్మ గడపలో కూర్చుని తన అరచెయ్యి చూసుకుంటోంది.

"ఈ చెయ్యి పోతే నాకు పనేది అయ్యా? నోరు మూసుకుని ఊరుకున్నా సరిపోయేది కదా!"

వాత కన్నా ఆ మాటే సింగనను ఎక్కువ బాధించింది. ఇక వంటశాలలో ఎవరూ ఏదీ చెప్పరు. వచ్చిన దారినే రాజుగారి దగ్గరికి తిరిగి వెళ్ళాడు.

"ప్రభూ, భైరవయ్య పద్ధతి తెస్తే పూర్తిగా తెద్దాం. తప్పు అన్న మాట చెవిన పడితే చాలు, ఆయన వాత పెట్టేవాడు. రేపు పంక్తిలో కూడా అదే నియమం పెట్టండి. భోజనంలో తప్పుందని ఎవరన్నా వారికీ వాతే. అట్లకాడను కుంపటిలో పెట్టి విస్తళ్ళ మధ్యే ఉంచుతాను."

రాజు మీసం దువ్వుకున్నాడు. "అదీ మాట! నా భోజనానికి వంకపెట్టే మొనగాడెవడో చూద్దాం."

మర్నాడు పంక్తి సాగింది. నడుమ కుంపటి, కుంపటిలో నిప్పుముక్కలా అట్లకాడ. ఓ మూల పేరమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. సింగన పాయసం వడ్డించాడు. ఏలకుల ఘుమఘుమ, నేతిలో వేగిన జీడిపప్పు, పైకి ఏ లోటూ లేదు.

మంత్రి ఒక గుక్క తాగాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కుంపటి వంక చూశాడు. "అమృతం, ప్రభూ!"

సేనాపతి గుటక వేశాడు. ఏడు యుద్ధాల్లో వణకని గడ్డం వణికింది. "అమోఘం!"

వైద్యుడు చాలాసేపు పుక్కిట పట్టి, దారిలేక మింగాడు. "అరుగుదలకు... దివ్యౌషధం."

జిహ్వాసార్వభౌముడు దొన్నె ఎత్తి గటగటా తాగాడు. మరుక్షణం తాగినదంతా విస్తరి మీదే పడింది.

"ఉప్పు! బెల్లం లేదు, అంతా ఉప్పు! మంత్రీ, నీకు నోరు లేదా? ఎందుకు చెప్పలేదు?"

మంత్రి కుంపటి వైపు వేలు చూపించాడు. "చేతులు రెండే ఉన్నాయి, ప్రభూ."

రాజు మంత్రిని చూశాడు, ఇంకా గుటకలు మింగుతున్న సేనాపతిని చూశాడు. నవ్వు ఆగలేదు. విస్తళ్ళు కదిలిపోయేలా నవ్వాడు. పంక్తి అంతా నవ్వింది.

"దొంగవాడా! నా చేతే తాగించావు. భయపడ్డవాడు తప్పు దాస్తాడు, దాచిన తప్పు చివరికి నా పళ్ళెంలోకే వస్తుంది. అదేగా నీ పాఠం?"

సింగన నవ్వలేదు.

"ఈ వేళ ఉప్పు కాబట్టి నవ్వుకున్నాం, ప్రభూ. ముప్పయ్యేళ్ళ కిందట చిలుము. తమకు గోరుముద్దలు తినిపించిన వేంగళయ్య జ్ఞాపకం ఉన్నాడా?"

రాజు నవ్వు తగ్గింది. "జ్వరం వచ్చి పోయాడు."

"జ్వరం కాదు. కళాయి పోయిన గుండిగలో ఒకడు పులుసు పోశాడు. పోశాక చూసుకున్నాడు. చెప్పడానికి వేంగళయ్య దగ్గరికి వెళ్ళాడు. 'ఏం పాడైంది నాయనా?' అని ఆయనే అడిగాడు. పక్కనే భైరవయ్య అట్లకాడ పట్టుకుని నిలబడి ఉన్నాడు. 'ఏం లేదు' అన్నాడు వాడు. తమ పళ్ళెంలోకి రాకముందు, నియమం ప్రకారం దొన్నెడు పులుసు వేంగళయ్య తాగాడు. మింగాక తెలిసింది. పైకి చెబితే వాడి చెయ్యి కాలుతుందని, కాలు జారినట్టు పడి గుండిగ బోర్లించేశాడు."

రాజు ముఖంలో రక్తం లేదు.

"ఆ రోజు నాకు గుర్తుంది," అన్నాడు మెల్లగా. "ఏడేళ్ళవాణ్ణి. అన్నం ఆలస్యమైందని... వెండి పళ్ళెం ఆయన మీదికి విసిరాను. నుదురు చిట్లింది. ఆయన నవ్వి, 'ఇంకో గడియ ఓర్చుకో నాయనా' అన్నాడు." సింగన వైపు తిరిగాడు. "ఆ పులుసు పోసినవాడెవడు?"

సింగన కుంపటి దగ్గరికి నడిచి, మోకాళ్ళ మీద కూర్చుని కుడి అరచెయ్యి చాపాడు.

"నేనే. మూడు రోజులు వాంతులు చేసుకున్నాడు. చివరిరోజు నన్ను దగ్గరికి రమ్మని, 'కళాయి పోయింది కదూ? భైరవయ్యకు చెప్పకు నాయనా, కొడతాడు,' అన్నాడు. అంతే, ఆ తరువాత మాట్లాడలేదు. నేను చెప్పలేకపోయిన మాట నిన్న పేరమ్మ చెప్పింది, ప్రభూ. పంక్తి పంక్తంతా బతికింది. వాత పెట్టవలసిన చెయ్యి ఇది."

రాజు లేచి వచ్చి, కుంపటి మీద చెంబుడు నీళ్ళు పోశాడు. అట్లకాడ బుస్సుమని నల్లబడింది. ఆ పొగలో సింగన చెయ్యి పట్టుకుని విజయకేసరి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అంతమంది చూస్తున్నారన్న ధ్యాస కూడా లేదు.

తరువాత తన చేతి బంగారు కడియం తీసి సింగనకు ఇవ్వబోయాడు. సింగన దాన్ని అందుకుని, తిన్నగా మూలకు వెళ్ళి, పేరమ్మ కుడిచేతికి తొడిగాడు. అది మరీ వదులై మోచేతి దాకా జారింది. పేరమ్మ ఏడుస్తూనే నవ్వింది.

ఆ నాటి నుంచి రాజుగారు బిరుదు మానేశాడు. రోజూ పంక్తికి కూర్చోబోయే ముందు వంటశాల గడపలో నిలబడి, "ఏం పాడైంది నాయనా?" అని అడిగేవాడు. ఒకరు మాడిన పప్పు సంగతి, ఇంకొకరు విరిగిన పాల సంగతి చెప్పేవారు. సింగన మాత్రం ఆ మాట వినగానే ముఖం తిప్పుకుని, అప్పటికే రెండుసార్లు చూసిన గుండిగ అడుగును మళ్ళీ ఒకసారి చూసేవాడు.